నీళ్లు లేని పాయ

ప్లేనో, టెక్సాస్
28 జూన్ 1981, ఆదివారం

కోటిపల్లి రేవు పక్కన తన ఇంట్లో చల్లగా ఉండాలని నేను రోజూ కోరుకునే రాజేశ్వరక్కకి, తమ్ముడు నరసింహ నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ మీనా క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. ఈ ముక్కలు లేకపోతే ఉత్తరం మొదలుకాదని చిన్నప్పుడు నాతో పలక మీద రాయించింది నువ్వే కనక రాశాను. క్షేమమంటే ఇద్దరం తింటున్నాం, పడుకుంటున్నాం, నేను ఆఫీస్‌కి వెళ్తున్నాను. అంతకుమించి అడక్కు.

ఈసారి నీలం ఏరోగ్రామ్ కాకుండా తెల్లకాగితాలు, కవరు చూసి కంగారు పడి ఉంటావు. పోస్టుమాన్ కూడా గుమ్మంలో నిలబడి ఏమిటని ఆరా తీసి ఉంటాడు. అతన్ని పంపించెయ్యి. కళ్లజోడు పెట్టుకుని, వీధి తలుపు గడియ వేసుకుని, ఒక్కదానివే చదువుకో. పక్కింటివాళ్లతో చదివించుకోకు. నువ్వు పెదాలు కదుపుతూ నిదానంగా చదువుతావని నాకు తెలుసు. అందుకే అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను.

నీ ఉత్తరం జూన్ మూడో తారీఖున అందింది. మూడు ప్రశ్నలు వేశావు. మీనాకి జడ ఎవరు వేస్తున్నారన్నది ఒకటి. విద్య అస్థికలు ఏ నదిలో కలిపాను, ఆ నీళ్లు సముద్రానికి పోతాయా అన్నది రెండోది. మూడోదానికి కాగితం మీద చోటు చాలక అంచు వెంబడి అడ్డంగా రాశావు. "నా కూతురు ఆఖరి రోజుల్లో నా దగ్గరికి రానని ఎందుకు రాసిందిరా? నేనేం తప్పు చేశాను?" అని. ఆ మూడోదానికి జవాబు చెప్పడానికే ఈ ఉత్తరం. కానీ వరసలో వస్తాను. ఒక్క ఊపున చెప్పే ధైర్యమే ఉంటే మార్చిలోనే చెప్పి ఉండేవాణ్ణి.

జడ నేనే వేస్తున్నాను. నవ్వుకో. బ్రిడ్జీలకి లెక్కలు కట్టే ఇంజనీర్ని, మూడు పాయలు సమంగా తియ్యడం చేతకావడంలేదు. ఎడమ పక్కకి లాగేస్తుంది. మొదట్లో మీనా అద్దంలో చూసుకుని ఏడ్చేది. ఇప్పుడు "ఇట్స్ ఓకే నాన్నా, స్కూల్‌లో ఎవరూ చూడరు" అంటుంది. తొమ్మిదేళ్ల పిల్ల నన్ను ఓదారుస్తుంటే నాకు చిరాకేస్తుంది. తిండి సంగతి కూడా అడిగావు. పప్పు, చారు, బంగాళాదుంప వేపుడు. పెరుగు తోడుపెట్టడం నేర్చుకున్నాను. విద్య పెట్టినట్టు గడ్డగా రాదు, అయినా తింటోంది.

ఇక నది సంగతి.

ఇక్కడ దహనం మిషన్‌లో అవుతుంది, నీకు రాశాను. ఎముకల్ని కూడా పొడి చేసి, ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మీద పేరు అంటించి ఇస్తారు. పదోరోజు పనులు ఆఫీస్‌లో నా పక్క టేబుల్ కృష్ణమూర్తిగారు పుస్తకం చూసి చేయించారు. ఆ డబ్బా మటుకు మూడు నెలలు మా అల్మారాలోనే ఉంది. "నువ్వే తీసుకురా, ఇక్కడ మన రేవులో కలుపుదాం, నేను కూడా ఒక్కసారి దాన్ని ముట్టుకుంటాను" అని ఏప్రిల్‌లో రాశావు. నేను సెలవు దొరకదని రాశాను. అది అబద్ధం. డబ్బా తెస్తే నీ మొహం చూడాల్సి వస్తుంది. అందుకని, తల్లి వైపు తీసుకురావలసిన మనిషిని సరిగ్గా దానికి అటువైపు, పడమరకి తీసుకుపోయాను.

కొలరాడో అని ఇక్కడ ఒక పెద్ద నది ఉంది. కిందటేడు ఇన్సూరెన్స్ వాళ్లిచ్చిన క్యాలెండర్లో దాని బొమ్మ ఉండేది. ఎర్రటి కొండల మధ్య ఎర్రటి నీళ్లు. విద్య ఆ నెల అయిపోయినా పేజీ తిప్పనిచ్చేది కాదు. "కొత్త నీరొచ్చిన గోదారిలా లేదూ మావయ్యా? ఒకసారి డ్రైవ్ చేసి తీసుకెళ్లవా?" అనేది. పెళ్లయి పదకొండేళ్లయినా మావయ్య అనే పిలుపు మానలేదు నీ కూతురు. పార్టీల్లో అందరూ నవ్వితే నాకు సిగ్గుగా ఉండేది. చూద్దాంలే, ఈ ఏడు లీవ్ లేదు అనేవాణ్ణి.

సరే, ఇప్పుడైనా తీసుకెళ్దామని మ్యాప్ పరుచుకుని కూర్చున్నాను. కొలరాడో దగ్గరికి పోయి రావాలంటే శుక్ర, సోమ, మంగళ, మూడు రోజులు లీవ్ కావాలి. మ్యాప్ మీద అంతకంటే ఇవతలే, హైవేని దాటుతూ ఇంకో నీలం గీత కనపడింది. లిటిల్ కొలరాడో. చిన్న కొలరాడో అన్నమాట. చూడగానే నా బుర్రకి తట్టింది ఏమిటో చెప్పనా? మన గోదారికి ధవళేశ్వరం కింద గౌతమి, వసిష్ఠ అని పాయలు విడిపోయినట్టు ఇది పెద్దదాని పాయ అని. పాయలో కలిపితే నదిలో కలిపినట్టే కదా, కోటిపల్లి రేవులో మునిగినవాళ్లు గోదారిలో మునిగామనే చెప్పుకుంటారు కదా అని. ఒక్క రోజు లీవ్‌తో పని అయిపోతుంది. ఆదివారానికి ఇంటికి వచ్చేయొచ్చు. నాకు చాలా తెలివైన ఆలోచన అనిపించింది. ఎవర్నీ అడగలేదు. గోదారి ఒడ్డున పుట్టినవాడికి నది గురించి ఇంకొకడు చెప్పేదేమిటి?

పందొమ్మిదో తారీఖు శుక్రవారం తెల్లారగట్ల బయల్దేరాం. కార్ పాతది, ఏసీ పోయిన వేసవిలోనే పోయింది. పులిహోర చేశాను, డబ్బా నిండా. రెండు ప్లాస్టిక్ క్యాన్లలో నీళ్లు పెట్టుకున్నాను. ఒకటి తాగడానికి, ఒకటి కార్ రేడియేటర్‌కి. విద్యని వెనక సీట్లో, ఆమె కప్పుకునే ఊదారంగు శాలువాలో చుట్టి పెట్టాను. మీనా ముందు సీట్లోంచి మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసేది.

టెక్సాస్ ఎంతకీ తెమలదక్కా. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నడిపినా టెక్సాసే. రోడ్డు తిన్నగా ఉంటుంది, స్టీరింగ్ మీద చెయ్యి ఉంచడమే తప్ప పని లేదు. అటూ ఇటూ గడ్డి, అది కూడా ఎండిపోయి పచ్చగా కాదు, పాత గోనెసంచి రంగులో. యాభై మైళ్లకి ఒక పెట్రోల్ బంకు. న్యూ మెక్సికోలోకి దాటాక ఆ గడ్డి కూడా లేదు. రాయీ, మట్టీ, ఆకాశం. కిటికీలు దించితే గాలి కాలుతోంది, ఎత్తితే ఊపిరాడదు. మీనా తడిగుడ్డ నెత్తిమీద వేసుకుని కూర్చుంది. పులిహోర మధ్యాహ్నానికే పాడైంది. పారేసి బంకులో చిప్స్ కొన్నాం.

"నాన్నా, అమ్మకి హాట్‌గా ఉంటుందా?" అంది.

ఉండదన్నాను.

"హౌ డూ యూ నో?"

మాట్లాడకుండా కూర్చోమని కసిరాను. ఆ రాత్రికి అల్బుకర్కీలో మోటెల్‌లో పడుకుని, శనివారం మళ్లీ బయల్దేరి, మిట్టమధ్యాహ్నానికి అరిజోనాలో విన్స్‌లో అనే ఊరి దగ్గరికి చేరాం. ముందు బోర్డు కనపడింది, లిటిల్ కొలరాడో రివర్ అని. నేను కార్ స్లో చేసి, "మీనా, చూడు, వచ్చేసింది" అన్నాను. అది కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది.

"నాన్నా, రివర్ ఎక్కడ?"

బ్రిడ్జి కింద ఇసక ఉంది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఇసక, పైన పెచ్చులు లేచిన మట్టి. అంత పెద్ద బోర్డు పెట్టారు, దాని కింద కాకి ముక్కు తడవడానికి కూడా చుక్క లేదు. నడివేసవిలో కూడా మన రేవులో పడవ ఆగడం నేనెప్పుడూ చూడలేదు. నది అన్నాక నీళ్లుండవేమో అన్న అనుమానమే నాకు పుట్టలేదు. బ్రిడ్జీలు కట్టేవాణ్ణి, ఆ మాట నీతో చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

అయినా ఒప్పుకోలేదు నేను. పాయ కదా, పెద్దనది వైపు పోతే ఎక్కడో అక్కడ నీళ్లుంటాయని, హైవే దిగి ఉత్తరానికి ఒక మట్టిరోడ్డు పట్టుకున్నాను. పది పన్నెండు మైళ్లు పోయాం. ఎదురు బండి ఒక్కటి రాలేదు. రోడ్డు మళ్లీ ఏటి ఒడ్డుకి వచ్చిన చోట కార్ ఆపి దిగాం. అక్కడా అంతే. ఇక్కడి లెక్కలో నూట నాలుగు డిగ్రీలు. చెప్పుల్లోంచి కాళ్లు కాలుతున్నాయి. ఒక పిట్ట అరుపు లేదు.

"వాటర్ లేదు కదా నాన్నా, ఇంటికెళ్దాం" అంది మీనా.

ఇంత దూరం వచ్చి ఇంటికేమిటన్నాను. ఏరు ఎండినా కింద ఊట ఉంటుంది. మెట్టప్రాంతాల వాళ్లు చెలమ తవ్వుకుని తాగరూ? అలాగే తవ్వితే నీళ్లు పడతాయన్నాను. కార్ చక్రం మూత ఊడదీసి, దాంతో ఏటి మధ్యలో తవ్వడం మొదలుపెట్టాను. మీనా అమ్మని ఒళ్లో పెట్టుకుని ఇసకలోనే కూర్చుంది. నా మోకాలి లోతు తవ్వాను. ఇంకో జానెడు తవ్వాను. ఇసక రంగు మారింది, తడి తగిలింది. పిడికిట్లో నొక్కితే ముద్ద అవుతోంది కానీ నీళ్లు ఊరలేదు. అరగంట కూర్చున్నాను, ఊరుతుందేమోనని. ఆ తడి కూడా నేను చూస్తుండగానే ఎండిపోయింది.

అప్పుడు చేశానక్కా ఆ పని. డబ్బా తెరిచి, నీ కూతుర్ని ఆ గుంటలో పోశాను. గోత్రం, పేరు చెప్పాను. కార్‌లోంచి తాగే నీళ్ల క్యాను తెచ్చి పోశాను. చప్పున ఇంకిపోయాయి. రేడియేటర్ క్యాను కూడా తెచ్చి పోశాను. ఒక్క క్షణం జానెడు వెడల్పున పారాయి. పారుతున్నట్టు కనపడగానే "వెళ్లు విద్యా, వెళ్లు" అన్నాను. ఎక్కడికి వెళ్తుంది? రెండు బారలు కూడా పోకుండా ఇసక తాగేసింది. గుంట పూడ్చాను. లీవ్ మిగిలింది.

పూడ్చడం అయ్యాక మీనా అంది.

"అమ్మ ఇక్కడికి వస్తానని చెప్పలేదు నాన్నా. అమ్మమ్మ దగ్గరికి వెళ్తానంది. ఐ హర్డ్ హర్. నువ్వు పేపర్ మీద వేరేది రాశావు. నేను చదివాను."

దానికి తెలుగు అక్షరాలు విద్యే నేర్పింది. నేర్పిందని నాకు తెలుసు. కూడబలుక్కుని చదవగలదని మటుకు తోచలేదు. అయిదు నెలలు అది కడుపులో పెట్టుకుని నా చేత జడలు వేయించుకుంది. తిడితే బావుండేది.

"అమ్మమ్మకి చెప్తావా?" అంది.

చెప్తానన్నాను.

"ప్రామిస్?"

ప్రామిస్ అన్నాను. అందుకే రాస్తున్నాను. నా అంతట నాకు బుద్ధి వచ్చి రాస్తున్నానని అనుకోకు.

కార్ స్టార్ట్ చేసి అరమైలు పోయామో లేదో ఆవిర్లు కక్కి ఆగిపోయింది. రేడియేటర్‌లో పొయ్యడానికి నీళ్లు లేవు, ఇసకలో పోసేశాను కదా. తాగడానికీ లేవు. కార్ నీడలో పిల్లని పడుకోబెట్టి, శాలువాతో విసిరాను. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. దాని పెదాలు పగిలాయి. మాటకి బదులు పలకడం మానేసింది. దీన్ని కూడా ఇక్కడే వదిలి వెళ్తానేమో అనిపించింది. అప్పుడు నేను దేవుణ్ణి తలుచుకోలేదు. నిన్నే తలుచుకున్నాను. నీకు ఇంకో ఉత్తరం ఎలా రాయాలా అని.

మూడో గంట కూడా దాటాక ఒక ముసలాయన పికప్ ట్రక్‌లో వచ్చాడు. అక్కడి నవహో తెగ మనిషి. వెనక రెండు డ్రమ్ముల నీళ్లు, గొర్రెలకి మోసుకుపోతున్నాడు. ఏమీ అడక్కుండా ముందు మీనాకి పట్టించాడు, కొంచెం కొంచెంగా, ఒక్కసారే తాగనివ్వకుండా. తరవాత రేడియేటర్ చల్లారేదాకా కూర్చున్నాడు. ఇక్కడేం పని మీకని అప్పుడు అడిగాడు. చెప్పాను. వెంటనే లేచి నాలుగడుగులు ఎడంగా జరిగాడు. మొహం అటు తిప్పుకున్నాడు. వాళ్లు పోయినవాళ్ల తాలూకు వాటి జోలికి రారట. మనకి మైల ఉన్నట్టే అనుకున్నాను. అయినా అటు తిరిగే నీళ్లు తోడిచ్చాడు.

ఈ నదిలో నీళ్లెప్పుడు వస్తాయని అడిగాను.

"ఆగస్టులో వానలు పడితే వస్తుంది. పడకపోతే రాదు. పోయినేడు ఇటు చాలా తక్కువ వచ్చింది" అన్నాడు.

పెద్ద కొలరాడో నీళ్లు దీంట్లోకి ఎప్పుడు వదులుతారన్నాను. నా వంక వింతగా చూశాడు. "దాన్నుంచి ఇది రాదు. ఇదే పోయి దాంట్లో పడుతుంది. చాలా దూరం" అన్నాడు.

పాయ కాదక్కా. ఉపనది. మన దగ్గర విడిపోతే పాయలు. అవి ఎండాకాలంలో కూడా తల్లిని తాగి బతుకుతాయి. ఇది వానని నమ్ముకుని పడున్న ఒంటరి ఏరు. దాని పేరు చూసి నేను మోసపోయాను.

ట్రక్ వెళ్లిపోయాక కార్ వెనక్కి తిప్పి, గుంట దగ్గరికి పరిగెత్తాను. విద్యని తీసి, ఎన్ని రోజులైనా సరే, ఉద్యోగం పోయినా సరే, పెద్దనదికే తీసుకుపోదామని. గుంట తవ్వాను. తడి ఇసకా, ఆ పొడీ ఒక్క రంగులో ఉన్నాయి. రెండు దోసిళ్లు తీసి చూశాను. ఏది ఇసకో ఏది విద్యో తెలియలేదు. మళ్లీ పూడ్చేశాను. మీనా కార్‌లోంచే చూస్తోంది.

నీ రెండో ప్రశ్నకి ఇదీ జవాబు. ప్రవాహం లేదు. సముద్రానికి పోదు. కనీసం నా ఎరికలో పోదు.

ఇంక మూడోది.

కిందటి నవంబర్‌లో డాక్టర్ చెప్పేశాడు, ఆరు నెలలు దాటదని. ఆ సాయంత్రమే విద్య నీ దగ్గరికి పంపించమంది. అప్పటికి మా ముగ్గురి గ్రీన్ కార్డ్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది, ఇంటర్వ్యూకి పిలుపు రావాలి. ఈలోగా దేశం దాటితే ఆ మనిషి అప్లికేషన్ పోయినట్టేనని లాయర్ చెప్పాడు. ఆమెని తీసుకుని నేనూ రావాలి, మీనాని తేవాలి, ముగ్గురివీ పోతాయి. ఇలాంటి ఎమర్జెన్సీలో ముందుగా పర్మిషన్ తీసుకుని వెళ్లి రావచ్చట, అడిగి చూడండి నరసింహగారూ అని కృష్ణమూర్తిగారు రెండుసార్లు చెప్పారు. నేను అడగలేదు. అడిగితే ఫైల్ బయటికి తీస్తారు, మళ్లీ అడుక్కి వేస్తారని భయం. వైద్యం కోసం ఇక్కడే ఉంచానని అందరికీ చెప్పాను. డిసెంబర్ నుంచి వైద్యమంటూ ఏమీ లేదక్కా, నొప్పికి బిళ్లలే.

తనకి మాత్రం టిక్కెట్లు కొంటున్నానని చెప్పాను. అదిగో ఈ నెల, ఇదిగో వచ్చే నెల అని. నమ్మింది. చిన్నప్పుడు తీర్థంలో దాన్ని భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాణ్ణి, నేను చెబితే నమ్మదా? సూట్‌కేస్‌లో చీరలు సర్దుకుంది, మంచం పక్కనే పెట్టించుకుంది.

జనవరిలో తనకి చెయ్యి వణికి రాయడం కుదరక, నన్ను రాయమని నీకు ఉత్తరం చెప్పింది. తను చెప్పింది చెప్పినట్టు రాస్తే నువ్వు కాకినాడ పోయి ట్రంక్ కాల్ బుక్ చేస్తావు, ఎందుకు పంపలేదురా అని అడుగుతావు. నిన్ను కాదనడం నాకు చేతకాదు. అందుకని తను ఒకటి చెబుతుంటే నేనొకటి రాశాను. 'నాకు ఇక్కడే బాగుంది. అంత దూరం రావడం నాకు ఇష్టం లేదు. రమ్మని రాయకు' అని. నువ్వు తలగడ కింద పెట్టుకున్నానన్న ఉత్తరం అదే. ఆ మాటలు నావి. దానివి కావు.

రాయడం అయ్యాక, "ఏదీ, చదువు మావయ్యా" అంది. కాగితం మొహానికి ఎదురుగా పెట్టుకుని, అందులో లేనివి, తను చెప్పినవి, చెప్పినట్టే చదివాను. బాగా రాశావంది. కింద విద్య అని వణుకుతూ సంతకం పెట్టింది. మీనా నా భుజం వెనకే నిలబడి ఉంది.

నెల తరవాత నీ జవాబు వచ్చింది. 'నీ ఇష్టం తల్లీ' అని ఒక్క ముక్క. అమ్మ ఏం రాసిందని ఆత్రంగా అడిగింది. మంచం సిద్ధం చేసిందట, ఎదురుచూస్తోందట అని చదివాను. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తింది. మార్చి ఎనిమిదిన పోయింది. ఇంటర్వ్యూ ఏప్రిల్‌లో అయింది, నేనూ మీనా వెళ్లాం. ఆఫీసర్ విద్య కాగితాలు పక్కకి తీసి, వాటికి గుచ్చిన ఫోటో నా చేతికిచ్చి, ఇది మాకు అక్కర్లేదన్నాడు. ఈ కవర్లో పెట్టాను. కుడి చెవి కనపడాలని రూలు, అందుకే అలా పక్కకి తిరిగి ఉంది. ఆ చెవికి ఉన్నది నువ్వు పెట్టిన దుద్దే. మా కార్డులు మే నెలలో వచ్చాయి. ఇప్పుడు ఎప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చు, పోవచ్చు.

బయటి సంబంధం చేస్తే పిల్ల దూరమైపోతుంది, సొంత తమ్ముడికిస్తే కళ్లముందుంటుందని నాకిచ్చావు. అమ్మ పోయాక నన్ను పెంచినందుకు నేను నీకు చేసింది ఇది. క్షమించమని రాయడంలేదు. రాస్తే అది కూడా నా వీలు కోసమే అవుతుంది. నువ్వు నాకు జవాబు రాయకపోయినా, మీనాకి మాత్రం రాయి. చదవగలదు.

ఆ రోజు విద్య చెప్పిన ఉత్తరం ఇది. ఒక్క మాట మార్చలేదు. మీనా పక్కన కూర్చుని, నేను మరిచిపోయినవి కూడా చెప్పింది.

'అమ్మా, నేను వచ్చేస్తున్నాను. మావయ్య టిక్కెట్లు కొంటానన్నాడు. నన్ను చూడగానే ఏడవకు, చాలా చిక్కిపోయాను, జుట్టు కూడా లేదు, ముందే చెబుతున్నా. ఇక్కడ ఎంత వేడి పెట్టినా నాకు చలి వదలట్లేదే. మంచం రేవు వైపు కిటికీ దగ్గర వెయ్యి, పడవవాళ్ల కేకలు వినపడాలి. చారు నువ్వే కాచు, ఇంకెవరిచేతా కాయించకు. ఊళ్లో ఎవరికీ చెప్పకు, అందరూ వచ్చి చూస్తారు. మావయ్యకి లీవ్ ఎప్పుడు దొరుకుతుందో, ఏ బండికి దిగుతామో తెలియదు. తలుపు గడియ మాత్రం వెయ్యకు.'

ఇట్లు,
అల్లుణ్ణని రాసుకునే మొహం లేక,
తమ్ముణ్ణని నువ్వు ఒప్పుకుంటేనే తమ్ముడు,
నరసింహ